కెమెరా లేని డ్రైవరు

రెండువేల రెండు, జూలై నెలాఖరు. మూడు వారాల్లో ప్రవల్లిక కంప్యూటర్ ఆగిపోవడం అది నాలుగోసారి. టెక్కలి నుంచి పలాస కాశీబుగ్గ దాకా బండి మీద వానలో తడుస్తూ వెళ్లాను. నిజం చెప్పాలంటే సంతోషంగానే తడిశాను.

డీటీపీ షాపులో అడుగు పెట్టగానే ప్రవల్లిక తువ్వాలు నా మీదకి విసిరింది.

"కామేశ్ గారూ, సాయంత్రానికి గంగమ్మ సంబరం కరపత్రాలు అవ్వకపోతే మా నాన్న ఈ డబ్బా అమ్మేత్తాడు. షాపు మూసేత్తాడు. తెలుసా?"

వెనక బెంచీ మీద వాళ్ల నాన్న రామూర్తి గారు వక్కపలుకు నములుతూ నావైపే చూస్తున్నారు.

షాపు మూసేస్తే నేను ఇంక ఏ వంకతో రావాలి? అయినా మెకానిక్ దర్జా వదల్లేదు.

"అక్కర్లేని డ్రైవర్లు ఎక్కించుంటారు. ఇలాగే అవుతాది మరి."

"నేనేటీ ముట్టుకోనేదు!"

"ముట్టుకోకుండా దానంతటదే వచ్చేసిందేటి?"

కళ్లురిమి చూసి, నా ముందు ఒక చీటీ పెట్టింది. "తెర నీలంగా అయినప్పుడల్లా ఈ పేరే వత్తంది. రాసి పెట్టాను. మీరేమో వచ్చి ర్యామ్ తుడిసి ఎళ్లిపోతన్నారు."

సేఫ్ మోడ్‌లో తెరిచి ఆ పేరు వెతికాను. దొరికింది. వెబ్ కెమెరా డ్రైవరు, అంటే కెమెరాని నడిపే ప్రోగ్రాం! షాపులో కెమెరాయే లేదు.

గబగబా దాన్ని మూసెయ్యబోయాను.

"తేదీ సూడండి," అంటూ తెర మీదకి వంగింది. "పన్నెండు. ఆ రోజు ప్రింటర్ తగిలించడానికొచ్చి రెండు గంటలు కూకున్నారు. నాలుగు టీలు తాగేరు!"

తప్పించుకునే దారి లేదు. అప్పట్లో పద్ధతి అది. ముందు డ్రైవరు ఎక్కించాలి, ఆ తర్వాతే కెమెరా తగిలించాలి. విశాఖలో రెండు కెమెరాలు కొని ఒకటి ఇక్కడ, ఇంకోటి నా షాపులో పెడదామనుకున్నాను. డ్రైవరు ఎక్కించాను గానీ కెమెరా తెచ్చే ధైర్యం చాలలేదు. లేని కెమెరా కోసం వెతుక్కుని వెతుక్కుని పాపం ఆ కంప్యూటర్ కూలబడుతోంది.

"ఎందుకు పెట్టేరు?" గొంతు తగ్గించి అడిగింది.

"టెక్కలి నుంచి రోజూ మిమ్మల్ని సూద్దామని."

ఆమె కీబోర్డు మీద లేని దుమ్ము తుడుస్తూ నవ్వు ఆపుకుంటోంది.

"ముందు అది తీసీండి," అంది.

తీసేశాను. కంప్యూటర్ బుద్ధిగా లేచింది. ప్రింటర్ కదిలింది. మొదటి కరపత్రాన్ని అందుకున్న చెయ్యి రామూర్తి గారిది. ఆయన అంతా విన్నారని అప్పుడు తెలిసింది నాకు.

"బాబూ, పిల్లని సూడ్డానికి కెమెరాలేటి? ఆదివారం మీ అమ్మని తీసుకొని రా. ఎదురుగా కూకోబెట్టి సూపిత్తాం."

మూడు వారాలుగా 'గారూ' అంటున్న ప్రవల్లిక తల ఎత్తకుండానే చెప్పింది:

"స్క్రూడ్రైవరు ఇంటికాడ వదిలేసి రా, బావా."