మూడో అంతస్తులో ఐదు నిమిషాలు

హార్లన్ ఫాల్స్ ఊరి నడిబొడ్డున మునిసిపల్ పార్కింగ్ గ్యారేజీ ఒకటుండేది. దాని మూడో అంతస్తులో, ఆర్కేడియా థియేటర్ గోడని ఆనుకుని ఒక మూల... పొద్దుగూకాక ఆ మూల కారు పెట్టిన మొనగాడు ఊరు మొత్తంలో లేడు.

పగలు మాత్రం అక్కడ చోటు దొరకడమే కష్టం. ఎందుకంటే అక్కడి దెయ్యానికి జడిసి ఫైన్లు రాసే పోలీసామె కూడా ఆ అంతస్తు ఎక్కదు. ఆమె ఎక్కదు కాబట్టి పార్కింగ్ మీటర్లో చిల్లర వెయ్యక్కర్లేదు. దెయ్యం వల్ల వచ్చే లాభం వదులుకోకుండా, దెయ్యం లేచే వేళకి కారు తీసుకుని జారుకోవడంలో ఆ ఊరివాళ్ళు ఆరితేరిపోయారు.

శీతాకాలంలోనే వచ్చేది చిక్కు. డిసెంబరులో ఆఫీసులు వదిలేసరికే చీకటి పడిపోతుంది. బ్యాంకులో పనిచేసే ఒకావిడ అలాగే ఇరుక్కుపోయింది. కారు తలుపు తీస్తుంటే గోడలోంచి ఓ ఆడగొంతు — పక్కనే నిలబడి చెవిలో చెప్పినట్టు — "ఐదు నిమిషాలు..." అంది.

ఆవిడ కొయ్యబారిపోయింది. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ అదే గొంతు, ఈసారి కాస్త విసుగ్గా —

"ఐదు నిమిషాలు... వినపడిందా?"

చీకట్లో ఒంటరిగా ఉన్న మనిషికి ఆ మాటకి ఇంకేం అర్థం తోస్తుంది? తనకి మిగిలిన ఆయువు అంతేననుకుంది పాపం. తాళాలు అక్కడే పారేసి, ఎత్తుమడమల జోళ్ళు చేత్తో పట్టుకుని, మెట్లన్నీ దిగి బస్సెక్కి ఇంటికెళ్ళిపోయింది. ఆవిడ ఆ ఐదు నిమిషాలూ బతికింది, తర్వాత మనవరాలి పెళ్ళి కూడా చేసింది. కానీ కథ చెప్పేటప్పుడు ఆ ముక్క ఎవరూ కలపరు.

డేల్ రస్నాక్‌కి దెయ్యాల మీద నమ్మకం లేదు. టైర్ల కొట్టు నడిపే మనిషి. గాలి దిగితే ఎక్కడో చిల్లు ఉంటుంది, చప్పుడొస్తే ఎక్కడో కారణం ఉంటుంది అనేది అతని తత్వం. అరవై దాటాయి, సిటీ కౌన్సిల్లో సభ్యుడు కూడా. ఆ డిసెంబరులో ఊరి కళ్ళన్నీ అతని ఓటు మీదే ఉన్నాయి. ఆ నెల్లోనే కౌన్సిల్లో ఓటింగు. ఎటు వెయ్యాలో అతనికే తెలీదు.

సంగతేమిటంటే, గ్యారేజీ ముసలిదైపోయింది. పెచ్చులూడి కార్ల మీద పడుతున్నాయి. దాన్ని కూలగొట్టాలన్న దాంట్లో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా పక్కనున్న ఆర్కేడియా గురించే. గ్యారేజీ జాగాలో ఇళ్ళూ దుకాణాలూ కట్టి, కింది భాగంలో కొంత థియేటర్‌కి ఇచ్చి, దాన్ని బాగుచేసి మళ్ళీ నాటకాలు ఆడిద్దామని కౌన్సిల్లో సగంమంది అన్నారు. ఏళ్ళ తరబడి మూతపడి ఉన్న కొంప, కనీసం వేషాలు వేసుకునే గదులైనా లేని కొంప, ఎవరికోసం నిలబెట్టాలి, రెండూ కలిపి చదును చేసి కార్లు పెట్టుకుందామని మిగతా సగం అన్నారు. మిగిలింది డేల్ ఒక్కడు.

అతని మనసు పడగొట్టడం వైపే మొగ్గింది. ఆ వీధిలో దుకాణాలవాళ్ళంతా అతని దగ్గర టైర్లు కొనేవాళ్ళే, వాళ్ళకి కావలసింది పార్కింగు. భార్య జొయాన్‌కి కావలసింది థియేటరు. నవంబరు ఆఖర్న థాంక్స్‌గివింగ్ పండుగనాడు డేల్ నోరు జారి తన ఉద్దేశం బయటపెట్టాడు. అప్పట్నుంచీ ఆమె అతనితో నేరుగా మాట్లాడ్డం మానేసింది. తినడానికి మీట్‌లోఫ్ ఫ్రిజ్‌లో ఉందని మీ నాన్నకి చెప్పు అని కుక్కతో చెబుతుంది. కుక్క డేల్ వంక జాలిగా చూస్తుంది.

డేల్ ఎవరికీ చెప్పనిది ఇంకొకటుంది. పదిహేడేళ్ళప్పుడు ఒక వేసవంతా అతను ఆర్కేడియాలో వేషాలు వేశాడు. పెద్ద వేషాలేం కావు, గుంపులో మూడోవాడు, తలుపు తీసే నౌకరు, అలాంటివి. కానీ అంత సంతోషంగా అతను మళ్ళీ ఎప్పుడూ లేడు. వేసవి అయిపోగానే తండ్రి టైర్ల కొట్లో కూర్చోబెట్టాడు. అటు తర్వాత ఆ రోజులు గుర్తొస్తే గుండెలో కలుక్కుమనేది. అందుకని గుర్తు చేసుకోవడమే మానేశాడు.

ఓటింగుకి ముందురోజు మధ్యాహ్నం గస్ హోటల్లో చేపల వేపుడు తింటున్నాడు. గస్ కాఫీ పోస్తూ, ఎటు పడుతోంది ఓటు అని అడిగాడు. డేల్ నీళ్ళు నమిలాడు.

"పడగొడితే పడగొట్టు కౌన్సిలర్ గారూ, నాకేం," అన్నాడు గస్. "కానీ చీకటి పడ్డాక ఒక్కసారి ఆ మూల నిలబడి రా. ఎవరిని ఖాళీ చేయిస్తున్నావో వాళ్ళ మొహమైనా చూడాలి కదా."

హోటలంతా ఘొల్లుమంది. డేల్ కూడా నవ్వాడు. కానీ ఆ మాట ముల్లులా దిగబడింది. పైగా, పడగొట్టేముందు ఆ గోడని ఒకసారి కళ్ళారా చూడ్డం న్యాయమే అనిపించింది.

కొట్టు కట్టేసి వెళ్ళేసరికి బాగా చీకటి పడింది. మూడో అంతస్తులో ఒక్క కారు లేదు. ఒక ట్యూబులైటు వెలుగుతూ ఆరుతూ ఉంది. కప్పులోంచి ఎక్కడో నీటిచుక్క పడుతోంది... ఆగుతోంది... మళ్ళీ పడుతోంది.

డేల్ గోడ దగ్గరికెళ్ళాడు. గ్యారేజీ అంతా సిమెంటే గానీ ఆ గోడ మాత్రం పాత ఎర్ర ఇటుక. చెయ్యి ఆనించాడు. మంచులా చల్లగా ఉంది. ఏముంది ఇందులో, గోడే కదా అని పైకే అన్నాడు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

అప్పుడు — గోడలో గరగరమంది.

"ఐదు నిమిషాలు..."

డేల్ మెడ మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. నీటిచుక్క కూడా ఆగిపోయింది.

"ఐదు నిమిషాలు... వినపడిందా?"

గోడలో మళ్ళీ ఏదో సన్నగా కదిలింది. సద్దుమణిగింది. పారిపో అని బుర్ర చెబుతోంది. కానీ బుర్ర కంటే ముందు నోరు కదిలింది. అటెన్షన్‌లో నిలబడి, డేల్ రస్నాక్ అన్నాడు కదా —

"ఐదు... థాంక్యూ."

ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. మన నాటకాల్లో గంట కొడతారు, గంటకి ఎవరూ బదులు చెప్పక్కర్లేదు. అక్కడ అలా కాదు. తెర లేచే ముందు స్టేజి మేనేజరు గది గదికీ కబురు పెడుతుంది, ఇంకా ఇంత టైముందని. రాజు వేషమైనా, బంటు వేషమైనా, ఆ అంకె తిరిగి చెప్పి థాంక్యూ అనాలి. అప్పుడే విన్నట్టు లెక్క. అనకపోతే అనేదాకా పిలుస్తూనే ఉంటుంది. నాటకాలవాళ్ళు ఏది మరిచినా ఈ అలవాటు మరవరు. ఏళ్ళ తరబడి టైర్లు మార్చిన డేల్ కూడా మరవలేదని అతనికి ఆ క్షణందాకా తెలీదు.

బదులు వినగానే గోడలోపల దెయ్యం కెవ్వుమంది.

ఏదో దబ్బున కింద పడింది. దెయ్యానికి జడుసుకున్న మనుషుల గురించి డేల్ చాలా విన్నాడు గానీ, మనిషికి జడుసుకున్న దెయ్యాన్ని ఎక్కడా వినలేదు. భయం పోయి అతనికి జాలేసింది. గోడకి అవతల ఉన్నది థియేటరే కదా అని, మెట్లు దిగి, సందులోంచి థియేటర్ వెనక తలుపు దగ్గరికి పరిగెత్తాడు. తలుపు ఓరగా తెరిచి ఉంది.

లోపల స్టేజి మధ్యలో, పొడవాటి కడ్డీ మీద ఒకే ఒక్క బల్బు వెలుగుతోంది. దాని వెనక చీపురు రెండు చేతులా ఎత్తిపట్టుకుని ఒక ముసలావిడ నిలబడి ఉంది.

"దగ్గరికి రాకు," అందామె. "నువ్వు ఏ సంవత్సరం నాటకం వాడివి?"

డేల్ ఆమెని పోల్చుకున్నాడు. బెర్నీస్ ఓల్సన్. అతను వేషాలు వేసిన వేసవిలో స్టేజి మేనేజరు ఈవిడే. అప్పట్లో ఆమె గొంతంటే కుర్రాళ్ళందరికీ హడల్.

"నేను బెర్నీస్ గారూ, టైర్ల కొట్టు డేల్‌ని. బతికే ఉన్నాను."

"ఏమిటీ నమ్మకం?"

"పోయిన నెల మీ కారుకి టైర్లు మార్చింది నేనే కదండీ."

బెర్నీస్ చీపురు కాస్త దించింది. "కుడివైపు ముందుది ఇంకా గాలి దిగుతోంది," అంది.

దాంతో ఇద్దరికీ ప్రాణం కుదుటపడింది. స్టేజి అంచున కూచుని ఆమె ఉన్న సంగతి చెప్పింది. ఖాళీ స్టేజిని చీకట్లో వదలకూడదని నాటకాలవాళ్ళ పట్టింపు. ఆ ఒంటరి బల్బుని వాళ్ళు దెయ్యం దీపం అంటారు. థియేటర్ మూతపడ్డా బెర్నీస్ దగ్గర తాళంచెవి ఉండిపోయింది. రోజూ సాయంత్రం వచ్చి దీపం చూసుకుని, వెళ్ళేముందు పాత మైకు మీట నొక్కి, వేషాల గదులకి పిలుపిచ్చి వెళుతుంది.

ఆ గదులు ఎప్పుడో పోయాయి. వాటిని పడగొట్టిన చోటే గ్యారేజీ లేచింది. ఉమ్మడి గోడ మాత్రం ఉండిపోయింది, అందులో పాత స్పీకరు పెట్టె కూడా. అటు మాట ఇటూ, ఇటు మాట అటూ మోసే పెట్టె అది. వైరు తెగిపోయిందనుకుంది బెర్నీస్. ఊరంతా తన గొంతుకి జడుసుకుంటోందని ఆమెకి తెలీనే తెలీదు.

"ఎవరూ లేరని తెలిసీ ఎందుకు పిలవడం?" అన్నాడు డేల్.

"పిలవకపోతే ఇది థియేటరన్న సంగతి దీనికి గుర్తుండదు నాయనా," అందామె.

కాసేపటికి, ఎవరికి ఎవరు జడుసుకున్నారో తలుచుకుని ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు. కౌన్సిల్ సభ్యుడు చీకట్లో గోడకి థాంక్యూ చెప్పాడని తెలిస్తే ఊళ్ళో తలెత్తుకోలేనని, ఎక్కడా అనొద్దని బతిమాలాడు డేల్. సరేనంది. ఓటు సంగతి మాత్రం ఆమె ఎత్తలేదు. అదే అతన్ని బాధపెట్టింది. అడిగి ఉంటే ఏదో ఒకటి చెప్పేసి బరువు దించుకునేవాడు.

ఇంటికెళ్ళి పడుకున్నా నిద్ర పట్టలేదు. ముసలావిడ మీద ప్రేమ వేరు, ఊరి అవసరం వేరు. ఖాళీ గదుల్ని పిలిచే ఒక్క మనిషి కోసం అంత పెద్ద భవనాన్ని నిలబెట్టమని ఏ మొహంతో చెప్పడం? తెల్లారేసరికి అతని మనసు మళ్ళీ పార్కింగు వైపే వచ్చింది.

ఆ సాయంత్రం కౌన్సిల్ హాలు కిటకిటలాడింది. ఓటింగుకి ముందు ఊరివాళ్ళెవరైనా మైకు ముందుకొచ్చి మాట్లాడొచ్చు. దుకాణాలవాళ్ళు మాట్లాడారు. జొయాన్ డేల్ వైపు చూడకుండా మాట్లాడింది. ఆఖర్న చేతికర్ర ఊతంగా బెర్నీస్ లేచింది.

మూసిన థియేటర్లోకి రోజూ దొంగతనంగా వెళుతున్నది తనేనని, శిక్ష వేస్తే వేసుకోమని మొదలుపెట్టింది. గ్యారేజీ దెయ్యం కూడా తనేనంది. హాలంతా కలకలం రేగింది. ఇన్నేళ్ళుగా పిలుస్తున్నా ఒక్కరూ పలకలేదని, నిన్న పలికారని చెప్పింది. డేల్ కుర్చీలో కిందికి జారాడు.

"డేల్ రస్నాక్ పలికాడు," అందామె. "చెప్పొద్దన్నాడు. చెప్పక తప్పడం లేదు."

ఇక నవ్వులే నవ్వులు. వెనక వరసలో గస్ అయితే కళ్ళు తుడుచుకుంటున్నాడు. జొయాన్ మాత్రం నవ్వలేదు. చాలా రోజులకి మొగుడి మొహంలోకి సూటిగా చూసింది.

బెర్నీస్ అందరి నవ్వూ అయిపోయేదాకా ఆగింది.

"అయితే డేల్ పలికింది ఆఖర్న," అంది నెమ్మదిగా. "ముందు కింద ఆడపిల్లల గది పలికింది... తర్వాత పైన మగపిల్లలు, ఒకరి తర్వాత ఒకరు, గుసగుసగా... ఎప్పటి వరసలోనే. నా చెవులే అలా ఉన్నాయనుకున్నాను. అంతలో వీడు గట్టిగా అన్నాడు. అప్పుడు అరిచాను. ఈ మాట నిన్న వీడికి చెప్పలేదు, అప్పటికే బెదిరిపోయి ఉన్నాడని. ఆ రోజుల్లోనూ అంతే, వీడు ఎప్పుడూ ఆఖరే."

ఆమె పిలుపుకీ తన బదులుకీ మధ్య గోడలో సన్నగా కదిలిందేమిటో డేల్‌కి ఇప్పుడు తెలిసింది. ఒళ్ళు జల్లుమంది. చిత్రమేమిటంటే భయం వెయ్యలేదు. ఆ వేసవి నాటి మొహాలన్నీ ఒక్కొక్కటే కళ్ళముందుకొచ్చాయి. వాళ్ళలో సగంమంది ఇప్పుడు లేరు. ఏళ్ళుగా బిగబట్టుకున్నదేదో అతని గుండెలో కరిగి, కళ్ళలోకొచ్చింది.

కౌన్సిల్ అధ్యక్షురాలు పేర్లు పిలిచింది. ఓట్లు సరిసమానంగా పడుతూ వచ్చాయి. డేల్ పేరొచ్చింది.

"థియేటర్ ఉండాలి," అన్నాడు డేల్.

కారణం ఏమైనా రాసుకోమంటారా అని ఆమె అడిగింది.

"రాసుకోండి మేడమ్. నటులంతా ఎప్పుడో వచ్చేశారు. వేషాలు వేసుకోడానికి వాళ్ళకి గదులే లేవు."