బండ మీద మిగలని జత

"ఆ షూతోటి టెంపో ఎక్కనియ్య," అన్నాడు మహేందర్.

జూలై నెల, ఆదివారం. మేడ్చల్ బస్టాండు ముందు అప్పుడే తెల్లవారుతోంది. నిర్మల్ అవతల పెద్దేరు లోయకు పోయే టెంపోలో పదిమంది ఎక్కి కూర్చున్నారు. పదకొండో మనిషి ఒక కాలు మెట్టు మీద పెట్టి ఆగిపోయింది. తెల్లటి షూ. కొత్తది.

"ఎందుకు ఎక్కనియ్యవు?"

"అడుగు నున్నగున్నది. నాచు మీద జారుతది."

"జారితే నేను జారుత. నీకేంది అన్నా?"

"జారినోళ్లను మోసుకొచ్చేది నేనే."

లోపలివాళ్లు నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు. అతన్ని తోసుకుని ఎక్కి కిటికీ దగ్గర కూర్చుంది. ఆ రోజు గట్టిగా దింపేసి ఉంటే ఎంత బాగుండేదోనని మహేందర్ తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

మహేందర్ శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే యాదయ్య కొడుకు. ఈతలో అతన్ని మించినవాడు ఆ పక్క లేడు. అందుకే ట్రెక్కింగ్ గ్రూపు నడిపే రాకేష్ ఆదివారాలు అతన్ని తాడు పట్టడానికి తీసుకుపోయేవాడు. ఎవరైనా నీళ్లలో పడితే తీయాలి. అందరూ వచ్చాక చివర రావాలి. అదీ పని.

ఆ పిల్ల పేరు భవిత. తూంకుంటలో ఉంటుంది. తండ్రి లేడు. తల్లి లలితకుమారి ఇంట్లో మిషన్ కుడుతుంది. భవిత జీడిమెట్లలో మందుల కంపెనీలో పని చేస్తుంది. ఆరు రోజులు తెల్లటి గోడల మధ్య మాత్రల పట్టీలు చూసి, ఏడో రోజు పచ్చటిది ఏదైనా చూడాలని బయలుదేరింది.

పెద్దేరు లోయలో మూడు జలపాతాలు ఉన్నాయి. నెలకొకటి చూపిస్తానని రాకేష్ చెప్పాడు. మొదటిదాని దగ్గర టెంపో దిగగానే మహేందర్ పాత గోనె సంచి చింపాడు. భవిత ముందు కింద కూర్చుని షూ మీద చుట్టడం మొదలుపెట్టాడు.

"ఏంది, నా కొత్త షూకు బస్తా కడ్తున్నవా?"

"కొత్తదని రాయి చూడదు."

"ఫోటోల ఎట్ల వస్తది చెప్పు."

"కాళ్లు రాకుండ దిగు ఫోటో."

ఆ రోజు నలుగురు జారిపడ్డారు. భవిత పడలేదు. తిరిగి వచ్చేటప్పుడు టెంపోలో ఒక జామకాయ అతని ఒళ్లో వేసి పోయింది. థాంక్స్ అనలేదు.

ఆగస్టులో రెండో జలపాతం. పొద్దున్నుంచి సన్నగా వాన. టేకు ఆకుల మీద చప్పుడు. మహేందర్ వెనక నడుస్తున్నాడు. భవిత ప్రతి పావుగంటకూ ఆగి కాలు చాపేది.

"ముడి వదులైంది."

అతను కూర్చుని కట్టేవాడు. వాన నీళ్లు అతని జుట్టులోంచి కారి ఆమె షూ మీద పడేవి. ఆమె అతని నెత్తి వైపే చూసేది. అతను తలెత్తగానే చెట్ల మీదికి చూసేది. నాలుగోసారి అతనికి అనుమానం వచ్చింది.

"ముడి నువ్వే ఇప్పుతున్నవ్."

"ఇప్పకపోతే నేను ముందట పోత, నువ్వు ఎనక వస్తవ్. మాట్లాడుడు ఎట్ల మరి?"

మహేందర్‌కు చెవులు వేడెక్కాయి. ముడి బిగించే పనిలో పడ్డాడు.

"ఇంకోటి చూసినవా? పొద్దుటి సంది నిన్ను అన్నా అంటలేను."

"చూసిన."

"చూసి?"

"మంచిగనే ఉంది," అన్నాడు. తర్వాత నవ్వు దాచుకుంటూ, తడి గోనె తాడుతో వలకు వేసే ముడి వేశాడు. "ఇగ నీతోని కాదు. ఇప్పాలంటే కత్తి కావాలె."

ఆ ముడి ఎలా వేయాలో భవిత నేర్పించుకుంది. ఇంటికి పోయాక కూడా అలాగే కట్టుకుంది. సెప్టెంబరులో మూడో ట్రిప్పుకు గోనె కట్టుకునే వచ్చింది. టెంపో ఎక్కేటప్పుడు అతని పక్కన ఒక్క క్షణం ఆగింది.

"ఇయ్యాల నీకొక మాట చెప్త."

"ఇప్పుడే చెప్పు."

"గిప్పుడు కాదు. పైకి ఎక్కి అందరు టెంపోల కూసున్నంక. ఆగలేవా?"

"ఆగుత."

మూడో జలపాతం అన్నిటికంటే లోతున ఉంది. టెంపో ఆగే చోటు నుంచి గంట దిగాలి. కింద గుండం. గుండం ఒడ్డున వెడల్పాటి బండ. నీళ్లకు అవతల ఇల్లంత పెద్ద రాయి. అందరూ షూ విప్పి బండ మీద వరసగా పెట్టి నీళ్లలో దిగారు. భవిత ముడి కత్తి లేకుండా రాదు. కత్తి అడగడం ఎందుకని షూతోనే దిగింది. మోకాలు లోతు నీళ్లు దాటి అవతలి రాయి ఎక్కింది. దాని వెనక ఇంకో చిన్న ధార ఉందని ఎవరో చెప్పారు. చూద్దామని పోయింది. మహేందర్ అప్పుడు జారిన ఒకతన్ని గట్టుకు లాగుతున్నాడు.

ఎక్కడా చినుకు లేదు. అయినా నీళ్లు ఎర్రబడ్డాయి. పైన ఎక్కడో కురిసింది. మహేందర్ విజిల్ ఊదాడు. అందరూ గాబరాగా బయటికి వచ్చి ఎవరి షూ వాళ్లు తీసుకుని బాట పట్టారు.

శామీర్‌పేట చెరువు మీద ఒక పద్ధతి ఉంది. వల వేయడానికి దిగేవాళ్లు చెప్పులు కట్ట మీద వరసగా విడుస్తారు. పైకి వచ్చినవాడు తన జత తొడుక్కుని పోతాడు. జత మిగిలితే మనిషి నీళ్లలో ఉన్నట్టు. కట్ట ఖాళీ అయితే అందరూ వచ్చినట్టు. తెలివి వచ్చినప్పటి నుంచి మహేందర్ చూసింది అదే. చేసింది అదే.

అతను బండ వైపు చూశాడు. ఒక్క జత లేదు. తాడు చుట్టి భుజాన వేసుకున్నాడు.

అప్పుడే భవిత రాయి వెనక నుంచి ఇవతలికి వచ్చింది. నీళ్లు అప్పటికే దాటలేనంత పెరిగాయి. అతన్ని పిలిచింది. జలపాతం హోరులో ఆమె గొంతు ఆమెకే వినబడలేదు. అతను బండను చూడటం చూసింది. వెనక్కి తిరగడం చూసింది. చెట్లలోకి పోవడం చూసింది.

అతను బాటంతా ఆ మాట గురించే ఆలోచిస్తూ నడిచాడు. ఏమని చెబుతుంది, తను ఏమనాలి అని. వాన మొదలైంది. ముందు పోయేవాళ్లు మలుపుల్లో కనబడటం లేదు. భవిత ఆడపిల్లలతో ముందు ఉందనుకున్నాడు. జల్దీ పోవాలని రెండు రెండు అంగలు వేశాడు.

టెంపోలో పదిమందే ఉన్నారు.

"భవిత ఏది?" అన్నాడు.

"నీతోని వస్తలేదా?" అన్నాడు రాకేష్.

మహేందర్ తాడు కింద పడేసి ఉరికాడు. మళ్లీ వచ్చి తాడు తీసుకుని ఉరికాడు.

గుండం గుర్తుపట్టేలా లేదు. ఒడ్డున బండ మునిగిపోయింది. అవతలి రాయి మీద భవిత నడుము దాకా నీళ్లలో ఒక చెట్టు కొమ్మ పట్టుకుని ఉంది. కాలు రెండు రాళ్ల మధ్య ఇరుక్కుంది. అతను రెండుసార్లు దూకాడు. రెండుసార్లూ ఏరు అతన్ని తెచ్చి ఇదే ఒడ్డున పడేసింది. చెరువులో ఈదినవాడికి ఏరు అర్థం కాలేదు. రాకేష్ పిలుచుకొచ్చిన దగ్గరి ఊరివాళ్లు పెద్ద తాళ్లతో వచ్చి ఆమెను తీసేసరికి పొద్దు గుంకుతోంది.

కాలు రెండు చోట్ల విరిగింది. రాడ్డు వేశారు.

ఆస్పత్రిలో ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. అతను మంచం పక్కన నిలబడ్డాడు.

"నన్ను ఎట్ల ఇడిసిపెట్టి పోయినవ్?" అంది గోడతోనే.

బండ మీద చెప్పుల లెక్క చూశానని చెప్పాలి. షూ విప్పక నువ్వే తప్పు చేశావన్నట్టు ఉంటుంది ఆ మాట. ఆ ముడి నేర్పింది తనే.

"తప్పైంది," అన్నాడు.

"గంతేనా?"

లలితకుమారి లేచి తలుపు తీసింది. "నువ్వు చెడ్డోనివి కాదు బిడ్డా. నాకెరికే. కని ఇగ రాకు. నిన్ను చూసినంక అది అన్నం ముట్టది."

మహేందర్ మళ్లీ పోలేదు. ట్రెక్కులు మానేశాడు. రాకేష్ ఫోన్ చేస్తే ఎత్తలేదు. తండ్రితో చెరువులోకి దిగేవాడు, వచ్చేవాడు. బస్సు ఎక్కితే అందులో మనుషుల తలలు లెక్కపెట్టేవాడు. పెళ్లిలో పంక్తిలో కూర్చున్నవాళ్లను లెక్కపెట్టేవాడు. ఒకరు లేచిపోతే మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టేవాడు. తల్లి సాలమ్మ పెట్టిన అన్నం సగం అలాగే ఉండేది. చలికాలం పోయింది. ఒకరోజు చెప్పులు విడవకుండానే నీళ్లలోకి దిగాడు.

యాదయ్య కట్ట మీద నుంచి చూశాడు. యాదయ్య కూడా మాట తక్కువ మనిషే.

"చెప్పులు ఇడువలేదేంది?"

"నాకు ఆ లెక్క వద్దు నాయినా."

యాదయ్య బీడీ పారేసి కొడుకును కట్ట మీద కూర్చోబెట్టాడు. ఆ రోజే మొదటిసారి జరిగిందంతా కొడుకు నోట విన్నాడు. మర్నాడు ఎవరికీ చెప్పకుండా రెండు బొచ్చె చేపలు సంచిలో వేసుకుని తూంకుంట పోయాడు. ఇల్లు అడుగుతూ అడుగుతూ పట్టుకున్నాడు. గడప లోపలికి పోలేదు, తలుపు తీసిన లలితకుమారితో బయటి నుంచే మాట్లాడాడు.

"నేను మహేందర్ తండ్రిని అమ్మా. ఒక మాట చెప్పి పోత. చెప్పులు చూసి మనుషులను ఎరుకపట్టుమని నేర్పింది నేను. అది చెరువు కాడి లెక్క. గా ఏరు కాడ చెల్లదని నాకు ఎరికలే, వానికి ఎరికలే. నీ బిడ్డ షూతోటి నీళ్లల్ల దిగింది. బండ మీద ఏం మిగల్లే. వీడు అందరు వచ్చిండ్రనుకున్నడు. గది తప్పే. తప్పు కాదని చెప్తలేను. కని ఇడిసిపెట్టి పోలేదు."

"ఈ మాట ఆయన ఎందుకు చెప్పలే?" అని లోపలి నుంచి భవిత గొంతు వినిపించింది.

"చెప్తే తప్పు నీ మీదికి వస్తదని భయపడ్డడు బిడ్డా."

యాదయ్య చేపలు అక్కడ పెట్టి వచ్చేశాడు.

ఏప్రిల్‌లో మహేందర్‌కు ఫోన్ వచ్చింది.

"నేను. ఆ జాగకు పోవాలె. నువ్వు రావాలె."

"మళ్ల గాడికి ఎందుకు?"

"వస్తవా, రావా?"

నిర్మల్ దాకా బస్సు. అక్కడి నుంచి ఆటో. ఆమె ఎడమ కాలు ఈడ్చి నడుస్తోంది. గంట దూరం దిగడానికి రెండు గంటలు పట్టింది. అతను చాలా వెనక నడిచాడు.

ఏరు లేదు. రాళ్లు ఉన్నాయి. జలపాతం ఉండాల్సిన చోట కొండకు నల్లటి చార ఉంది. గుండంలో పచ్చటి నీళ్లు చెంబెడు మిగిలాయి. ఇంత చిన్న చోటా అనిపించింది మహేందర్‌కు. భవిత ఎండిన రాళ్ల మీది నుంచి అవతలికి పోయి అదే రాయి మీద కూర్చుంది.

"ఆ రోజు చెప్త అన్న మాట అడగవా?"

"అడిగే మొఖం నాకు లేదు."

"అది నీకు ఎరికే. అందుకే గంత జల్దీ ఉరికినవ్." ఆమె రాతిని చేత్తో తడిమింది. "ఇప్పుడు పో."

"యాడికి?"

"ఆ రోజు పోయినంత దూరం. టెంపో ఆగిన కాడికి పోయి తిరిగి రా."

"వద్దు భవితా."

"కండ్లు మూస్తే నీ వీపే కనవడ్తాంది నాకు. ఏడు నెలల సంది. ఒకసారి నేనే పొమ్మంటే పోవుడు చూడాలె. పో."

అతను పోయాడు. ప్రతి పది అడుగులకూ తిరిగి చూశాడు. ఆమె చెయ్యి ఊపి పొమ్మంది. మలుపు తిరిగాక ఆమె కనబడలేదు. ఆకులు రాలిన టేకు చెట్ల మధ్య ఎండ కొడుతోంది. పైన టెంపో లేదు, ఎవరూ లేరు. ఒక్క నిమిషం కూడా నిలబడలేకపోయాడు. వెనక్కి పరుగెత్తాడు.

బాట మధ్యలోనే ఆమె కనబడింది. చెట్టు పట్టుకుని రొప్పుతూ ఎక్కి వస్తోంది. అతన్ని చూడగానే ముఖం పాలిపోయింది. చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు. గక్కడనే ఆగు."

"కాలు నొస్తాందా?"

"కాలు కాదు. నువ్వు వస్తవని అక్కడ కూసుండలేకపోయిన. ఇగ ఎవ్వని కోసం కూసుండ నేను. లేచి వచ్చిన. ఒక్కదాన్నే గుండం దాటిన. భయం కాలే." ఆమె ఊపిరి తీసుకుంది. "నువ్వు ఎదురుంగ కనవడంగనే అయింది. నిన్ను చూస్తే నీళ్ల చప్పుడు ఇనవడ్తాంది. నీ మీద కోపం లేదు. కని ఇదేందో పోతలేదు."

మహేందర్ తల దించుకున్నాడు. తను కొన్నాళ్లుగా భయపడుతున్న మాట అదే. కోపమైతే తీరుతుంది. దీనికి ఏం చేయాలో అతనికి తెలియదు.

"అయితే ఎన్నడు నీకు కనవడ," అన్నాడు. "నువ్వు ముందు పో. రోడ్డు మీద ఆటో ఎక్కు. నేను ఎనక బస్సుకు వస్త."

బాట వదిలి పక్కన పొదల్లోకి జరిగాడు. కొండ వైపు ముఖం తిప్పుకుని నిలబడ్డాడు. ఆమె అడుగులు దగ్గరికి వచ్చాయి. ఒక అడుగు గట్టిగా, ఒక అడుగు ఈడ్చుకుంటూ. అతని పక్కకు వచ్చి ఆగాయి.

"మహేందర్."

"ఆఁ."

"ఎదురుంగ రాకు. పక్క పొంటి నడువు."

బాట ఒక్క మనిషికే సరిపోతుంది. ఆమె బాట మీద నడిచింది. అతను పక్కన రేగు పొదల్లో నడిచాడు. ఇద్దరూ ముందుకే చూస్తున్నారు.

"ముండ్లు ఉన్నయి గదా," అంది కొంచెం దూరం పోయాక.

"ఉండనీ," అన్నాడు.