టోఫు కొనడానికి వెళ్ళిన నాన్న

ఆదివారం పొద్దున్నే రుయ్‌ఫెన్ కొర్రల జావ కాస్తోంది. ఉత్తర చైనాలోని షెన్‌యాంగ్ చలికి కిటికీ అద్దాలు మసకబారాయి. ఒకప్పుడు ఆమెను జూడోలో ప్రపంచ విజేతను చేసిన ఆ వేళ్ళు ఇప్పుడు గరిటె పట్టుకోవడానికి కూడా మొరాయిస్తున్నాయి. తొమ్మిదికి ఫోను మోగుతుంది. రాష్ట్ర జూడో జట్టు శిబిరంలో ఉన్న కూతురు షాన్‌షాన్‌కు వారానికొక్కసారే మాట్లాడనిస్తారు.

పక్క గదిలో రుయ్‌ఫెన్ తల్లి మంచం పట్టి ఉంది. నెల దాటడం కష్టమన్నాడు డాక్టరు. షాన్‌షాన్ జాతీయ పోటీలకు ఇంకా నలభై రోజులుంది.

"అది నా గురించి అడిగితే పార్కుకెళ్ళిందని చెప్పు. పోటీ అయ్యాక తెలిస్తే చాలు," అంది తల్లి.

రుయ్‌ఫెన్ చేతిలో గరిటె ఆగిపోయింది. ఇరవై ఆరేళ్ళ కిందట తను శిబిరం నుంచి ఫోను చేసినప్పుడల్లా ఇదే గొంతు, "మీ నాన్న టోఫు కొనడానికెళ్ళాడే," అనేది. అలా ఏడు ఆదివారాలు గడిచాయి. ఎనిమిదో వారం మెడలో స్వర్ణ పతకంతో ఫోను చేసి, "ఈసారైనా నాన్నకివ్వు," అంటే అప్పుడు చెప్పారు. గుండెపోటుతో ఆయన పోయి అప్పటికి యాభై రోజులు. కోచ్‌కు తెలుసు, జట్టంతటికీ తెలుసు. ఆటగాళ్ళ ఇళ్ళలో అది మామూలే. మంచి తల్లిదండ్రులు అలాగే చేసేవారు.

అప్పట్నుంచి ఆమెకు ఒకటే కల. ప్రత్యర్థి చొక్కా చేతిని బిగించి పడుతుంది. తీరా చూస్తే అది నాన్న నీలం కోటు. లాగితే కోటు ఒక్కటే వస్తుంది, లోపల మనిషి ఉండడు.

"నాకు చేసింది చాలదా అమ్మా? నా కూతురికి కూడానా?" అంది రుయ్‌ఫెన్ ఆ గది గుమ్మంలోకొచ్చి.

"గెలిచావు కదే."

"గెలిచాను. ఆయన బూడిదైపోతే నేను నీకు ఫోన్లో జోకులు చెప్పి నవ్వాను. ఆ నవ్వు నాకిప్పటికీ వినిపిస్తోంది."

తల్లి గోడవైపు తిరిగింది.

"నువ్వు ఫోను పెట్టేయగానే వెళ్ళి టోఫు కొనుక్కొచ్చేదాన్ని. ఆయన ఫోటో ముందు పెట్టి, 'తెచ్చేశావుగా, ఇక నేను అబద్ధమాడినట్టు కాదు' అనేదాన్ని. ఏడు వారాలూ అంతే. ఆ తర్వాత మళ్ళీ దాన్ని నోట్లో పెట్టలేదు."

టోఫు పళ్ళకు పడదని తల్లి ఇన్నేళ్ళూ అంటుంటే, అంత మెత్తటి సోయా జున్ను పడకపోవడమేమిటని రుయ్‌ఫెన్ ఎగతాళి చేసేది. ఇప్పుడామెకు ఏడుపు ఆగలేదు. ఆ ఫోనుకు రెండు కొసల్లోనూ ఇద్దరూ ఒంటరిగానే ఉన్నారు.

ఫోను మోగింది.

"అమ్మా, అమ్మమ్మేదీ?" అంది షాన్‌షాన్ హుషారుగా.

పార్కు అన్న మాట రుయ్‌ఫెన్ నాలుక చివరిదాకా వచ్చేసింది. అబద్ధమాడటం ఎంత తేలికో అప్పుడే తెలిసింది. ఆమె ఫోను తీసుకెళ్ళి తల్లి చెవి దగ్గర పెట్టింది.

తల్లి రుయ్‌ఫెన్ ముఖంలోకి చూసింది. ఆమె చొక్కా చేతిని గట్టిగా పట్టుకుంది.

"ఇక్కడే ఉన్నానే తల్లీ. ఒంట్లో ఏం బాగోలేదు, ఇక బాగవదు కూడా. మీ కోచ్‌నడిగి ఒకసారి వచ్చిపో," అంది. "వచ్చేటప్పుడు కాస్త టోఫు పట్రా. తినాలనుంది."