జాజికాయల కొట్టం బావి

ఆ దీవిలో, పాత జాజికాయల కొట్టం పక్కనున్న బావి దగ్గర, పొద్దుగూకాక ఎవరూ నిలబడరు. నిలబడినా నోరు విప్పరు. అక్కడ ఒక ఆడగొంతు పిలుస్తుందట...

"ఎవరండీ... ఉన్నారా?"

పలికినవాడు బాగుపడలేదంటారు. ఒకడు పలికి మంచం పట్టాడట. ఇంకొకడి పడవ తిరగబడిందట. ఆ పడవకు అప్పటికే చిల్లు ఉందని కూడా చెప్పుకుంటారు గానీ, దెయ్యం సంగతి వచ్చాక చిల్లు సంగతి ఎవరిక్కావాలి!

సరిగ్గా అలాంటి చోటికే సెలవులు గడపడానికి వెళ్ళింది ఆపరేటరమ్మ. ఉద్యోగమంతా టెలిఫోన్ ఎక్స్ఛేంజీలోనే. చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని, ట్రంకాల్స్ కలిపి కలిపి, రిటైరయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. పాలవాడు తలుపు కొట్టినా "ఎవరది?" అనదు, "చెప్పండి" అంటుంది.

కూతురు ఎంతో పోరింది. "అక్కడ రోడ్డు లేదు, హోటలు లేదు, కరెంటు కూడా సరిగా ఉండదు. ఏం చూద్దామనమ్మా?"

"అవేవీ లేనప్పుడు ఎలా ఉంటుందో చూద్దామని!" అంది ఆపరేటరమ్మ, సంచి జిప్పు లాగుతూ.

నిజానికి ఆ కోరిక భర్తది. ఆయన డ్రాయింగు మాస్టారు. ఆకు కనబడితే చాలు, పెన్సిలు తీస్తాడు. పెళ్ళిచూపుల్లో కూడా పెళ్ళికూతురిని వదిలేసి కిటికీలోని తీగవైపు చూశాడని ఆమె ఇప్పటికీ దెప్పుతుంది. ఆ దీవి అడవిలో చీకటి పడితే వెలిగే పుట్టగొడుగులున్నాయని ఎవరో చెప్పారు. ఇక ఆగుతాడా?

రేకుల కప్పు, చెక్క గోడలు, ముందు వరండా... అదీ వాళ్ళ బస. నడిపేవాడిని వచ్చినవాళ్ళందరూ మామా అంటారు. ఆపరేటరమ్మకంటే చిన్నవాడే అయినా ఆమె కూడా మామా అనేసింది.

మూడుపూటలు హాయిగా గడిచాయి. తలుపు తీస్తే చెట్లు. కిటికీ తీస్తే చెట్లు. స్నానాల గదికి పైకప్పు బదులు కూడా చెట్లే. జలగలు మాత్రం మాస్టారి పిక్కలమీద మనసు పారేసుకున్నాయి.

ఆ సాయంత్రం మాస్టారు టార్చిలైటు జేబులో పెట్టుకుని, "పుట్టగొడుగులు చూసి ఇట్టే వచ్చేస్తా" అని వెళ్ళాడు.

వాన మొదలైంది. చీకటి పడింది. ఆయన రాలేదు.

"ఎటు వెళ్ళారమ్మగారూ?" అన్నాడు మామ.

ఆమె చెయ్యి చూపించింది. అతని మొహం పాలిపోయింది. అది కొట్టం దారి.

అయినా పాపం, లాంతరూ తాడూ పట్టుకుని వెంట వచ్చాడు. మలుపు దగ్గర ఆగిపోయాడు. ఆకులమీంచి నీళ్ళు కారుతున్నాయి. ఎదురుగా, కూలిన కొట్టం గోడ... దాని పక్కన బావి.

"ఇక్కడినుంచి మాట్లాడకండి," అని గుసగుసగా చెప్పాడు. "పిలుస్తుంది. పలకకండి."

"నా మొగుడు కనబడటం లేదయ్యా! నోరు మూసుకుని వెతకమంటావా?"

"మా తాతలనాటి మాటమ్మా. కొట్టం కాపలావాణ్ణి వాగు లాక్కుపోయింది. అతని భార్య ఈ బావిగట్టు మీద నిలబడి రాత్రంతా కేకలు పెట్టిందట... మావాళ్ళు దెయ్యమనుకున్నారో, వానకు జడిశారో... తలుపులు గడియ పెట్టుకున్నారు. తెల్లారి చూస్తే ఆవిడా లేదు."

ఆపరేటరమ్మ ఏదో అనబోయింది. అంతలో...

"ఎవరండీ..."

మామ లాంతరు కింద పెట్టేసి, చెవుల్లో వేళ్ళు దూర్చుకున్నాడు.

"...ఉన్నారా?"

అది మాస్టారి గొంతు కాదు. ఆయన దగ్గు విన్నా ఆపరేటరమ్మ గుర్తుపడుతుంది, ఆమాత్రం తెలియదా? ఇది ఆడగొంతే. ఎక్కడో తుప్పు పట్టిన తీగలోంచి వస్తున్నట్టు, సన్నగా... అరిగిపోయి...

వెనక్కి తిరిగి పరుగెత్తాలనిపించింది. మరుక్షణం ఆమెకు కోపం వచ్చింది. ఎవరైతేనేం? పిలిచిన మనిషికి బదులు చెప్పకపోవడమేమిటి?

"ఉన్నాను!" అంది గట్టిగా. "చెప్పండి!"

అడవి అంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టినట్టయింది.

మళ్ళీ పిలుపు. ఈసారి బావి దగ్గర కాదు... గోడ వెనక, పల్లంలో... వాగువైపు.

లాంతరు అందుకుని అటు నడిచింది. జారింది. లేచింది. తీగలు పట్టుకుని గట్టు అంచుకు వెళ్ళి చూస్తే... కింద, వేళ్ళ మధ్య, మిణుకు మిణుకుమంటూ ఒక వెలుగు.

పుట్టగొడుగు కాదు. టార్చిలైటు.

మెడలోతు నీళ్ళలో, రెండు చేతులతో ఒక చెట్టువేరు కావలించుకుని ఉన్నాడు మాస్టారు.

"మామా! తాడు పట్రా!" అని అరిచింది. చెవుల్లో వేళ్ళున్నవాడికి ఏం వినబడుతుంది? మళ్ళీ పైకెక్కి, అతని చెయ్యి పట్టి లాక్కొచ్చింది.

ఎలా లాగారో, ఎన్నిసార్లు జారారో, ఆ గోలంతా ఎందుకు? ప్రాణాలతో బసకు చేరారు. మాస్టారి చీలమండ వాచి గుమ్మడికాయ అయింది. దుప్పటి కప్పి, వేడినీళ్ళు తాగించారు.

మామకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. నవ్వు కూడా వచ్చింది. "బాగా భయపెట్టారు మాస్టారూ! పిలిచింది మీరా? బావి ప్రతిధ్వనికి గొంతే మారిపోయింది!"

"నేను పిలవడమేమిటి?" అన్నాడు మాస్టారు, దవడ నొక్కుకుంటూ. "రెండు చేతులూ వేరుమీద... టార్చి పళ్ళమధ్య. నోరు తెరిస్తే వెలుగు పోతుందని అలాగే కరచి పట్టుకున్నా. ఒక్క కేక కూడా వెయ్యలేదు."

మామ నవ్వు సగంలో ఆగిపోయింది.

"మరి పిలిచింది..."

బయట వాన వెలిసింది. కప్పలు అరుస్తున్నాయి... అంతలోనే అవీ ఆగిపోయాయి.

"ఎవరండీ... ఉన్నారా?"

బావి దగ్గర కాదు. వరండా మెట్ల దగ్గర.

మామ ఒక్క ఉదుటున వెళ్ళి గడియ పెట్టి, తలుపుకు వీపు ఆనించాడు. "అమ్మగారూ, మీ కాళ్ళకు దండం పెడతాను... పలకొద్దు..."

"ఏమే, వద్దే..." అన్నాడు మాస్టారు దుప్పట్లోంచి.

"మీరూరుకోండి. ఆ పిలుపే లేకపోతే ఈపాటికి ఎక్కడుండేవారు?" అంది. మామవైపు తిరిగింది. "మీ తాతలు ఒకసారి గడియ పెట్టారు. చాల్లే, తప్పుకో."

అతను తప్పుకున్నాడు. ఆమె గడియ తీసి తలుపు బార్లా తెరిచింది. చీకటి. మెట్లమీద తడి. మనిషి మాత్రం లేదు.

"చెప్పండి," అంది.

చెవి పక్కనే అన్నట్టు, నెమ్మదిగా...

"...దొరికారా అండీ?"

ఎవరి గురించో చెప్పలేదు. మామ గోడకు కరుచుకుపోయాడు. ఆపరేటరమ్మ వెనక్కి తిరిగి దుప్పట్లోని భర్తను చూసుకుంది. గొంతు సవరించుకుంది.

"మావారు దొరికారమ్మా," అంది చీకట్లోకి. "మీవారి పేరు చెప్పండి. లైన్లోనే ఉన్నాను."