ఏడో పీపా మీది పేరు

గెర్లిండ్ నడుముకి వేడినీళ్ల సంచి కట్టుకుని వంటగదిలోకి వచ్చేసరికి కాఫీ కాగింది, రొట్టె కోయడం అయిపోయింది. కూతురు ఇల్కా తల్లి అవతారం చూసి నవ్వింది.

"అమ్మా, నీ కరెంటు దుప్పటి రిపేరుకిచ్చి రెండు నెలలైంది. వాడు బాగుచేస్తున్నాడా, కొత్తది నేస్తున్నాడా?"

"వస్తుందిలేవే. దుప్పటి కోసం కొట్లాడతామా ఏమిటి?"

"నీ నడుం కోసం కొట్లాడతాను. షాపు పేరు చెప్పు, నేనే వెళ్తాను."

గెర్లిండ్ వెన్న రాసిన రొట్టెకే మళ్లీ వెన్న రాసింది. పేపరు చాటు నుంచి తండ్రి ఆల్విన్ గొంతు సవరించుకున్నాడు. "సన్నగా వాన పడుతోంది, తడికి తీగ విరగదు. తీగలు వంచడానికి ఇంతకంటే మంచి రోజు దొరకదు. నేనూ మీ అమ్మా పైకి వెళ్తాం. నువ్వు నేలమాళిగ శుభ్రం చేసుకో. ఆదివారం అందరూ వస్తారు కదా!"

ఆదివారం మాట వినగానే ఇల్కా దుప్పటి సంగతి మరిచిపోయింది. మరిచిపోదా మరి! ఆ రోజు ఆమె మొట్టమొదటి వైన్‌ని ఊరివాళ్లు రుచి చూడబోతున్నారు.

జర్మనీలో మోజెల్ నది ఒడ్డున ఆ ఇంటివాళ్లు నాలుగు తరాలుగా పలకరాళ్ల గట్టు మీద రీస్లింగ్ ద్రాక్ష పండిస్తున్నారు. ఇంటి కింద మాళిగలో ఏడు పీపాలు, ఒక్కోటి వెయ్యి లీటర్లది. పీపా ముఖం మీద సుద్దముక్కతో ఎవరి పొడి అక్షరాలుంటే ఆ వైన్ వాళ్లది. దాని మంచిచెడ్డలు వాళ్లవి. ఇంకొకరు దాని మీద చెయ్యి వేయకూడదు, అది ఆ ఇంటి పద్ధతి. ఆరు పీపాల మీద ఎప్పుడూ ఆల్విన్ అక్షరాలే. కిందటి అక్టోబరులో ఏడో పీపా ముందు నిలబడి ఆయన కూతురి చేతికి సుద్దముక్క ఇచ్చాడు. ముప్పై ఒకటో ఏట ఇల్కా మొదటిసారి తన అక్షరాలు రాసుకుంది.

ఆల్విన్ తన పీపాలన్నిట్లో కొన్న ఈస్ట్ పొట్లం కలుపుతాడు. పనీ త్వరగా అవుతుంది, భయమూ ఉండదు. ఇల్కా మాత్రం ఏమీ కలపనంది. ద్రాక్ష తొక్క మీద, మాళిగ గోడల మీద దానంతట అది ఉండే ఈస్ట్‌తోనే తన రసం పులియాలని పంతం పట్టింది. పీపా డిసెంబరు దాకా బుడబుడలాడి, చలికి చప్పబడిపోయింది. జనవరంతా ఉలుకూ పలుకూ లేదు. ఇల్కా రోజుకి పదిసార్లు చెవి ఆనించి వినేది. ఫిబ్రవరి చివర్లో ఒక పొద్దున పీపా మళ్లీ మాట్లాడింది! ఆమె మెట్లు రెండేసి ఎక్కి వచ్చి తండ్రిని కావలించుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఆయన ఆమె వీపు నిమిరి, ఆమె పుట్టిన ఏటి వైన్ సీసా ఒకటి తెరిచాడు.

ఆదివారానికి ట్రియర్ పట్నం నుంచి టీలెన్ గారు కూడా వస్తానంది. ఏమీ కలపని వైన్లే ఆవిడ తన హోటల్లో పెడుతుంది. "నా పీపాలో ద్రాక్ష తప్ప మరొకటి లేదండీ" అని ఇల్కా ఆవిడకి మాటిచ్చింది.

అమ్మానాన్నలు తోటకి వెళ్లాక ఇల్కా ఆ మాటే మనసులో పాడుకుంటూ ఏడో పీపా వెనక చీపురు పెట్టింది. చీపురుకి మెత్తగా ఏదో తగిలింది. లాగి చూస్తే అమ్మ కరెంటు దుప్పటి. నీలం పూలది. అంచంతా వైన్ మరక. మడత విప్పగానే ఖాళీ వెండిరంగు ఈస్ట్ పొట్లం కాళ్ల దగ్గర పడింది.

ఇల్కా వంగి పొట్లం చేతిలోకి తీసుకుంది. అంతా అర్థమైపోయింది. పీపాకి దుప్పటి చుట్టి వేడి చేశారు. పొట్లం కలిపారు. అందుకే అది మేలుకుంది. ఆమె ఏడ్చింది అందుకా!

దుప్పటి భుజాన వేసుకుని వానలోనే గట్టు ఎక్కింది. పక్క వరసలో పనిచేస్తున్న పొరుగింటి ఎగోన్ చూసి కేకేశాడు. "ఏమే ఇల్కా, ఇవాళ పడక తోటలోనేనా?"

"మా ఇంట్లో దుప్పట్లు ఎక్కడెక్కడికో నడిచి వెళ్తాయి మామా. నేను వెనక్కి తీసుకొస్తున్నానంతే."

ఆల్విన్ తీగని గుండ్రంగా వంచి గుంజకి కడుతున్నాడు. కూతురి భుజాన ఉన్నది చూశాడు. తీగ చేతిలోంచి జారి లేచిపోయింది. కింద వరసలో గెర్లిండ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఇది బాగుచేసే షాపు మన మాళిగలోనే ఉందని నాకు తెలియదు నాన్నా."

"ఇల్కా, ఇంటికెళ్లి మాట్లాడుకుందాం."

"ఎందుకు? ఎగోన్ మామ వింటాడనా? విననీ. నా పీపాలో చెయ్యి పెట్టావా, లేదా?"

"పెట్టాను." ఆయన తల ఎత్తలేదు. "అది చచ్చిపోతోందమ్మా. ఇంకో నెల వదిలేస్తే పుల్లబడేది. నీ పేరు పోయేది."

"పోతే నా పేరు పోయేది! ఇప్పుడు నా పేరు కింద అబద్ధం కూర్చుంది. నిన్ను పట్టుకుని ఏడ్చానే, ఆ రోజు నీకేమనిపించింది నాన్నా? సీసా కూడా తెరిచావు. పిచ్చిపిల్ల అనుకున్నావా?"

"అట్లా అనకు. చెప్పాలనే అనుకున్నాను. నీ మొహం చూసి చెప్పలేకపోయాను."

"రెండు నెలలు రోజూ చూశావు నా మొహం."

ఇల్కా తల్లి వైపు తిరిగింది. "నువ్వూ కలిశావు. నడుం నొప్పి ఓర్చుకుని మరీ దుప్పటి ఇచ్చావు. ఈ ఇంట్లో నాకు తెలియనిది ఇంకా ఏముందమ్మా?" దుప్పటి గుంజ మీద పడేసి గబగబా దిగిపోయింది.

మధ్యాహ్నం గెర్లిండ్ బంగాళాదుంప అట్లు, ఆపిల్ ముద్ద పళ్లెంలో పెట్టుకుని కూతురి గదికి వెళ్లింది. మంచం మీద పెట్టె తెరిచి ఉంది. నాలుగు చొక్కాలు అందులో పడి ఉన్నాయి.

"తినవే. కోపం నా మీద, అట్ల మీద కాదుగా."

"పెట్టి వెళ్లమ్మా."

గెర్లిండ్ వెళ్లలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది. "మీ నాన్నకి ఇరవై నాలుగేళ్లప్పుడు మీ తాత ఒక పీపా ఇచ్చాడు. ఇదే, ఏడోది. నీలాగే ఏమీ కలపనన్నాడు. అది కాస్తా పుల్లబడింది. మీ తాత మనుషుల్ని పెట్టి తాళ్లతో పీపాని వీధిలోకి లాగించి, ఊరంతా చూస్తుండగా మూత లాగేశాడు. వెయ్యి లీటర్లు మెట్ల దారిన నదిలోకి పోయాయి. పెళ్లయ్యాక కూడా కొందరు ఆయన్ని 'వెనిగర్ ఆల్విన్' అనే పిలిచేవాళ్లు. మళ్లీ పీపా మీద పేరు రాసుకోవడానికి పదిహేనేళ్లు పట్టింది. నీకు అలా జరగకూడదని..."

ఇల్కా కళ్లు నిండాయి. కానీ గొంతు మెత్తబడలేదు. "తాత అందరి ముందూ లాక్కున్నాడు. నాన్న ఎవరూ చూడకుండా లాక్కున్నాడు. లాక్కోవడం లాక్కోవడమే కదమ్మా!"

గెర్లిండ్ పళ్లెం అక్కడే పెట్టి కిందికి వెళ్లింది. మెట్ల మలుపులో ఆల్విన్ నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు.

ఆదివారం పదకొండింటికి మాళిగ నిండింది. ఎగోన్, చుట్టుపక్కల తోటలవాళ్లు, ముందు వరసలో టీలెన్ గారు. ఇల్కా గాజు గొట్టంతో వైన్ తీసి అందరి గ్లాసుల్లో పోసింది. పెట్టె సర్దడం ఆపి, నిజం చెప్పాలనే నిర్ణయించుకుంది. చెప్పాక ఈ ఊళ్లో తన మాట ఇక ఎవరూ నమ్మరనీ తెలుసు.

"ఒక మాట చెప్పాలండీ" అని మొదలుపెట్టింది.

"నేను చెప్తాను." ఆల్విన్ గుంపు తోసుకుని ముందుకొచ్చాడు. ఆదివారాలు మాత్రమే వేసుకునే నల్ల కోటు తొడుక్కున్నాడు. పీపా ముందు నిలబడి, ఆ కోటు చేత్తోనే కూతురి అక్షరాలు తుడిచేశాడు. జేబులోంచి సుద్దముక్క తీసి తన అక్షరాలు రాశాడు. "ఇది నా వైన్. ఫిబ్రవరిలో ఇందులో ఈస్ట్ పొట్లం కలిపింది నేను. నా కూతురికి చెప్పలేదు. మొన్నటిదాకా తనకి తెలియదు. తను మీకిచ్చిన మాటలో అబద్ధం లేదు. అబద్ధం నాది."

ఎగోన్ ఏదో అనబోయి, ఆల్విన్ మొహం చూసి గ్లాసులోకి చూసుకున్నాడు. ఒకప్పుడు వీధిలో తలదించుకున్న మనిషి మళ్లీ అదే ఊరి ముందు, ఎవరూ బలవంతపెట్టకుండా తలదించుకుని నిలబడ్డాడు.

టీలెన్ గారు గ్లాసు కింద పెట్టింది. "వైన్ బాగుంది ఆల్విన్ గారూ. కానీ నేను అడిగింది ఇది కాదు, ఇది నేను తీసుకోను." తర్వాత ఇల్కా వైపు తిరిగింది. "ఈసారి పంటకి నీ పీపా నిండాక కబురు పెట్టమ్మా."

అందరూ వెళ్లాక తండ్రీ కూతుళ్లు ఇద్దరే మిగిలారు. ఒక సంవత్సరం పని, ఒక పెద్ద బేరం పోయాయి. ఇల్కాకి కోపం పూర్తిగా పోలేదు. కానీ ఆ నల్ల కోటు చేతికి అంటిన తెల్లటి సుద్ద చూడగానే దుఃఖం పొంగుకొచ్చింది. ఈసారి ఆయనే ముందు ఏడ్చాడు.

"నేను వైన్ పుల్లబడకుండా చూశాననుకున్నానమ్మా. నీ చేతిలోంచి లాక్కున్నానని తెలియలేదు."

ఇల్కా ఆయన జేబులోంచి సుద్దముక్క తీసుకుంది. పక్కన, వైన్ సీసాల్లోకి ఎక్కించేశాక ఖాళీగా ఉన్న ఆరో పీపా దగ్గరికి వెళ్లి, పెద్దగా తన అక్షరాలు రాసింది. కింద "ముట్టుకోవద్దు" అని రాసింది.

"ఇది వచ్చే అక్టోబరుకి. పుల్లబడితే పుల్లబడనీ నాన్నా. వీధిలో మూత నేనే తీస్తాను."

"సరే." ఆల్విన్ కళ్లు తుడుచుకున్నాడు. కాసేపు నసిగాడు. "ఊరికే వచ్చి చెవి ఆనించి వినొచ్చా?"

పై మెట్టు మీద నుంచి గెర్లిండ్ గొంతు వినబడింది. "వింటే వినండి, నా దుప్పటి మాత్రం ఇక మంచం దిగదు!"

ఇల్కా ఏడుస్తూనే నవ్వేసింది. "వినొచ్చు నాన్నా. చేతులు మాత్రం జేబుల్లో పెట్టుకుని వినాలి."

పీపా ఇంకా ఖాళీదే. అయినా ఆల్విన్ అప్పుడే రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు.