మూడు చుట్లు తిరిగితే చెబుతా

మా పరిచయం ఆమె నెత్తిమీద మొదలైంది. ఆదివారం పొద్దున్నే ఇండోర్ హాల్లో గ్లైడర్లు ఎగరేసే క్లబ్బులో చేరిన మొదటిరోజే, నా మూడు గ్రాముల విమానం వెళ్లి ఆమె జడలో దిగింది.

"కళ్లజోళ్ల షాపులో పనిచేస్తారట కదా. ఒకటి మీరూ పెట్టుకోకపోయారా?" అంది.

ఆమె పళ్ల డాక్టరు. ఆమె నోరు తెరిస్తే ఎదుటివాడు మూసుకోవాల్సిందే. క్లబ్బులో కొత్తవాళ్లకి నేర్పే బాధ్యత కూడా ఆమెదే. గ్లైడర్ గోడలకి తగలకుండా గుండ్రంగా తిరుగుతూ దిగాలట. అందుకని తోక మీది చుక్కానిని వెంట్రుకవాసి ఎడమకి వంచేది, ముక్కుకి పళ్ల అచ్చులు తీసే మైనం చిటికెడు అంటించేది. నేను విసిరేవాణ్ణి. అది ఎడమకి ఒరిగి, ఒరిగి, నేలని ముద్దుపెట్టుకునేది.

అది మూడు చుట్లు తిరిగిన రోజున ఆమెకి నా మనసులో మాట చెబుతానని మా అక్కకి మాటిచ్చాను. నీకు జుట్టు నెరిసేలోపు తిరుగుతుందా అని అక్క వారం వారం అడుగుతోంది. ఈలోగా హాలుని బ్యాడ్మింటన్ వాళ్లకి ఇచ్చేశారు. నేను చేరాక వచ్చిన ఈ ఆరో ఆదివారమే క్లబ్బుకి ఆఖరు.

ఆరోజూ ఐదుసార్లు కూలింది. ఆమె మైనం అయిపోయింది. ఓర్పు అంతకుముందే అయిపోయింది. మళ్లీ చెయ్యెత్తగానే ఆగమంది. పుచ్చుపన్నుని చూసినట్టు నా చేతినే చూసింది.

"మీది ఎడమచేతి వాటమా?"

"పుట్టినప్పటినుంచీ."

ఆమె ముఖం ఎర్రబడింది. చుక్కానిని ఎడమకి వంచాల్సింది కుడిచేత్తో విసిరేవాళ్లకి. నాకు కుడికి వంచాలి. తప్పు ఆమెది, ఆరు వారాలు తిట్లు తిన్నది నేను. ఇలాంటి అవకాశం మగజాతికి మళ్లీ రాదు.

"ఇన్ని వారాలు ఎదురుగా నిలబడి నేర్పారు. ఏ చేత్తో విసురుతున్నానో చూడలేదా?"

"చేతులు చూడలేదు."

"మరేం చూశారు?"

తలవంచుకుని చుక్కానిని కుడికి వంచింది. జంకు లేకుండా పళ్లు పీకే మనిషి, గ్లైడర్‌ని తోకవైపు నుంచి నాకు అందించింది.

విసిరాను. ఒక చుట్టు. రెండు. మూడోది నింపాదిగా తిరిగి మా ఇద్దరి కాళ్ల దగ్గర దిగింది. ఇక వెనక్కి తగ్గితే అక్క ఇంట్లో బతకనివ్వదు.

"మీరంటే నాకిష్టం. మొదటి ఆదివారం నుంచీ," అన్నాను.

ఆమె గ్లైడర్ తీసి నా ఎడమచేతిలో పెట్టింది.

"రేపు మీ షాపుకి వస్తాను. నా కళ్లకేమైందో చూడండి," అంది. "తొందరేం లేదు, తాపీగానే చూడండి."