ఖాళీ మేకు

"మేకు ఖాళీగా ఉంటే గోడ బోసిగా ఉంది. గడియారం తగిలిద్దాం," అంది జినైదా.

"గడియారం ఎందుకే? మీ పెళ్లి ఫొటో పెట్టు," అంది అత్తగారు పెలగేయ, బంగాళాదుంపలు చెక్కుతూ.

"ఆ మేకు బరువు ఆపదు అత్తయ్యా."

"ఇన్నేళ్లు స్టాలిన్ పటాన్ని మోసింది. మీ ఇద్దర్నీ మోయలేదా?"

"మెల్లగా! పక్క గదివాళ్లు వింటారు," అని గడ్డం గీసుకుంటున్న జినైదా భర్త రొదియోన్ కసిరాడు.

మొన్న ఫ్యాక్టరీలో తలుపులు మూసి, పార్టీవాళ్లకి మాస్కో నుంచి వచ్చిన ప్రసంగం చదివి వినిపించారు. పోయిన స్టాలిన్ అమాయకులను జైళ్లకు పంపించాడట. రొదియోన్ ఇంటికొచ్చి, పటం దించి బీరువా వెనక దాచాడు. రేపు మళ్లీ కావాలంటారేమో!

ఆ అమాయకుల్లో అతని తమ్ముడు ఎఫీమ్ ఒకడు. ఖైదీల శిబిరం నుంచి ఈ సాయంత్రం రైలుకు వస్తున్నాడు. లెనిన్‌గ్రాడ్‌లో ఉండాలంటే ఎవరైనా తమ గదిలో ఉంటాడని ప్రభుత్వ రికార్డుల్లో అతని పేరు రాయించాలి. గదిలోని పెద్దలందరూ సంతకం చేయాలి. లేకపోతే ఊళ్లో ఉండనివ్వరు.

"పార్టీ వైఖరి పూర్తిగా తేలనీ," అంటున్నాడు రొదియోన్.

జినైదా భయం వేరు. ఎఫీమ్‌ని పట్టుకుపోయిన ఏడాది, అందరిళ్లలోలాగే ఆమె కూడా భయపడి గోళ్ల కత్తెరతో పెళ్లి ఫొటోలోంచి అతని ముఖం కత్తిరించేసింది. ఫొటో యుద్ధంలో పోయిందని అత్తగారికి చెప్పింది; అయినా ఇవాళ ఆమె దాన్నే పెట్టమంది. అది పెట్టె అడుగున, దుప్పట్ల కింద ఉంది.

మధ్యాహ్నం క్యాబేజీ సూప్ ముందు కూర్చున్నప్పుడు పెలగేయ బొత్తాల డబ్బా తెరిచింది. గుండ్రటి చిన్న కాగితం తీసి, కోడలి పళ్లెం పక్కన పెట్టింది. నవ్వుతున్న ఎఫీమ్ ముఖం.

"ఊడ్చిన చెత్తలో దొరికింది," అంది ముసలామె.

జినైదా చెవులు మండాయి. "ఇన్నాళ్లూ ఎందుకు అడగలేదు అత్తయ్యా?"

"ఏమని అడగను? నువ్వు కత్తిరించావు, నేను దాచాను. నోరు విప్పడానికి ఇద్దరికీ భయమేగా తల్లీ."

జినైదా లేచి ఫొటో తెచ్చింది. ముఖాన్ని ఆ రంధ్రంలో అమర్చింది. చుట్టూ సన్నటి గీత మిగిలిపోయింది. దాన్ని వేలితో ఎంత నొక్కినా పోలేదు.

"రేపు నేనే వెళ్లి ఎఫీమ్ పేరు ఈ గదిలో రాయిస్తాను," అంది కళ్లు తుడుచుకోకుండానే. "నేను సంతకం చేస్తాను. అత్తయ్య చేస్తుంది. నువ్వు, రొదియోన్?"

"వైఖరి..." అన్నాడు రొదియోన్. ఆ మాట అతనికే వినబుద్ధి కాలేదు. ఫొటో వంక చూసి, తన కుర్చీ పక్కకు జరిపాడు.

"కలం ఇవ్వు," అన్నాడు. "అమ్మా, వాడికీ ఒక పళ్లెం తియ్యి."